నా నవలలో కథానాయికకు ఆ నేల మీద హక్కుందా?

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరానికి ఈసారి సమాధానం. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముందు అందులోని సంగతులు క్లుప్తంగా చెబుతాను.

ఆమె వయసు 34. భర్త నైరోబీలో ఒక కంపెనీలో అకౌంటెంట్‌గా చేసేవారు. పెళ్ళయ్యాక ఇద్దరూ అక్కడ పార్క్‌లాండ్స్‌లో కాపురం పెట్టారు. కూతురు అక్కడే పుట్టింది. నాలుగేళ్ళ కిందట రోడ్డు ప్రమాదంలో భర్త చనిపోయారు. ఇప్పుడు ఆమె పాపను తీసుకుని ఒంగోలులో తల్లి దగ్గర ఉంటూ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నారు. పాప పడుకున్నాక నవల రాస్తున్నారు.

నవల కెన్యాలో జరుగుతుంది. కథానాయిక ఇంగ్లండు నుంచి వచ్చిన పిల్ల. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికులకు 1919లో బ్రిటిష్ ప్రభుత్వం భూములిచ్చిన పథకం కింద ఆమె భర్తకు లైకిపియాలో, నాన్యుకీకి పడమరగా, 5,000 ఎకరాల మేతభూమి దొరుకుతుంది. 1926లో అడవి దున్న పొడిచి అతను చనిపోతాడు. 28 ఏళ్ళ ఆ అమ్మాయి ఇంగ్లండు వెళ్ళిపోకుండా రాంచ్‌ను నడపడానికి పూనుకుంటుంది. పశువులకు జబ్బులు, బ్యాంకు అప్పు, మిడతల దండు, పెళ్ళి చేసుకుందామని అడిగే పొరుగు రైతు. ఇంతవరకూ రెండొందల పేజీలు వచ్చాయి.

ఆదివారాలు కలిసే చిన్న సాహితీ బృందంలో ఆమె కొన్ని అధ్యాయాలు చదివి వినిపించారు. రిటైరైన ఒక లెక్చరర్ గారు అంతా విని, "మసాయిలను తరిమేసిన నేల మీద కూర్చున్న మనిషి కష్టానికి నేనెందుకు ఏడవాలమ్మా?" అన్నారు. ఇంకొకరు, మన ఊళ్ళలో వితంతువుల కథలు లేవా, తెల్లదొరసాని కథ మనకెందుకు అన్నారు. ఆ రోజు నుంచి కలం కదలడం లేదు. ఫైలు తెరవాలంటేనే టెన్షన్ అంటున్నారు. అడిగినవి మూడు. ఈ నవల వదిలేయాలా? కథానాయిక రాంచ్‌ను అమ్మేయాలా, పొరుగతన్ని పెళ్ళాడాలా, నిలబెట్టుకోవాలా? అసలు ఈ కథ రాసే హక్కు నాకుందా?

ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఒక వాక్యం ఉంది. "మా ఆయన నైరోబీ జీతంతో ఊళ్ళో కొన్న ఐదెకరాలు అమ్మడానికి సంతకం పెట్టమని బావగారు కాగితాలు పంపారు, పెట్టేద్దామనుకుంటున్నాను, అది వేరే సంగతి."

మీ మూడు ప్రశ్నలకూ జవాబు రాస్తాను. ఆ చివరి వాక్యాన్ని మాత్రం వేరే సంగతిగా వదిలిపెట్టను.

లెక్చరర్ గారి మాట కటువుగానే ఉంది, ఒప్పుకుంటాను. మీ జీవితం తెలిసిన మనిషి ఇంకాస్త మెల్లగా అని ఉండాల్సింది. కానీ ఆయన అడిగినది మీ నవలకు అవసరమైన ప్రశ్న. మీరు పంపిన అధ్యాయాల్లో లైకిపియా మొదటి పేజీ నుంచీ ఖాళీగా ఉంది. గడ్డి, ఆకాశం, దూరంగా కెన్యా పర్వతం మీద మంచు. కథానాయిక భర్త గుర్రం మీద వచ్చి కొయ్యలు పాతుకుంటాడు. అక్కడ అంతకుముందు ఎవరున్నారో ఒక్క వాక్యమైనా లేదు. 1919లో ఆ నేల ఖాళీగా కనిపించిందంటే, దాన్ని ఖాళీ చేయించి అప్పటికి ఆరేళ్ళే అయింది.

ఆ చరిత్ర మీకు కొంత తెలిసే ఉంటుంది, అయినా ఒక వరుసలో చెబుతాను. 1890లలో పశువులకు వచ్చే ముసర వ్యాధి తూర్పు ఆఫ్రికా అంతా పాకి, పశువులు మేపుకుని బతికే మసాయిల మందలను తుడిచిపెట్టింది. వెనకే మశూచి, కరువు వచ్చాయి. వాళ్ళు బాగా దెబ్బతిని ఉన్న సమయంలోనే 1896లో రైలు మార్గం పని మొదలైంది, దాని వెంట తెల్ల రైతులు వచ్చారు. 1904లో ఒక ఒప్పందం చేసి రిఫ్ట్ లోయలోని మంచి మేతభూముల నుంచి మసాయిలను పంపించేశారు. కొందరికి దక్షిణాన, కొందరికి ఉత్తరాన లైకిపియాలో చోటు చూపించారు. మసాయి జాతి ఉన్నంతకాలం ఆ చోటు వాళ్ళదేనని కాగితం మీద రాశారు. ఏడేళ్ళు తిరిగేసరికి లైకిపియా కూడా కావాల్సి వచ్చింది. 1911లో ఇంకో ఒప్పందం. వేలమంది మనుషులు, లక్షల జీవాలు దక్షిణానికి నడిచారు. 1913కి అది పూర్తయింది. దారిలో నీళ్ళు, మేత లేక చచ్చిన జీవాలకు లెక్కలేదు.

మసాయిలు కోర్టుకు కూడా వెళ్ళారు. ఓలే న్జోగో అనే ఆయనా, మరికొందరూ వేసిన కేసు 1913లో పోయింది. మసాయిలతో చేసుకున్నవి పరాయి ప్రభుత్వంతో చేసుకున్న సంధుల్లాంటివి కాబట్టి ఆ తగాదా తమ పరిధిలోకి రాదని కోర్టు చెప్పింది. నేల తీసుకోవడానికి పాలితులైనవాళ్ళు, న్యాయం అడిగేసరికి పరాయివాళ్ళయ్యారు. ఆ తర్వాత 1915లో వచ్చిన భూమి చట్టం తెల్ల రైతులకు 999 ఏళ్ళ లీజులు ఇచ్చింది. మీ కథానాయిక భర్త లాటరీలో గెలుచుకున్న కాగితం వెనక ఇంత ఉంది.

ఇది తెలిశాక మీ అమ్మాయి దుఃఖం అబద్ధమైపోతుందా? అవదు. ఆ వయసులో, సొంతవాళ్ళెవరూ దగ్గర లేని చోట భర్తను పూడ్చిపెట్టిన మనిషి బాధ బాధే. మీరు ఆ అంత్యక్రియల అధ్యాయం రాసిన తీరు నేను మరచిపోలేను. అది రాయడానికి మీరు ఎక్కడికి వెళ్ళి రావాల్సి వచ్చిందో ఊహించగలను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆమె కష్టపడింది కాబట్టి నేల ఆమెదైపోదు, నేల ఆమెది కాదు కాబట్టి ఆమె కష్టం తేలికా అయిపోదు. ఈ రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉండాలి. మీరు రెండోదాన్ని మాత్రమే రాస్తూ వచ్చారు. పాఠకుడు ఆమె కన్నీళ్ళు చూసి ఆమెకు పట్టా ఇచ్చేస్తాడని మీకు తెలియకుండానే ఆశపడ్డారు. నవల అక్కడే ఆగిపోయిందని నా అనుమానం.

మన దగ్గరి ఉదాహరణతో చూడండి. గూడెం కొండల్లో రోడ్డు పనికి మన్యం జనాన్ని కూలి సరిగా ఇవ్వకుండా తోలించిన అధికారి ఒకడున్నాడు, 1922 తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అదీ ఒకటి. అలాంటి అధికారి భార్య మీద ఎవరైనా నవల రాశారనుకుందాం. ఆమె బిడ్డ మన్యం జ్వరంతో పోయిందనుకుందాం. మీరు చదువుతారు, ఏడుస్తారు కూడా. కానీ ఆ రోడ్డు వేస్తున్న మనుషులు పుస్తకంలో ఎక్కడా కనపడకపోతే మీకు కోపం వస్తుంది. లెక్చరర్ గారికి వచ్చిన కోపం అదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. దానికి ముందు నవలలో ఉన్న రెండు ఖాళీలు చూపిస్తాను. పూరిస్తే కథ దానంతట అదే కదులుతుందని నా నమ్మకం.

ఒకటి, అప్పు. మీరు "బ్యాంకు అప్పు పెరిగిపోయింది" అని రాసి వదిలేశారు. ఎలా పెరిగిందో తెలిస్తే మీరు ఆ వాక్యాన్ని అలా వదలరు. 1920 దాకా ఆ దేశంలో చెలామణిలో ఉన్నది మన రూపాయే. పౌనుకు 15 రూపాయలు లెక్క. యుద్ధం తర్వాత వెండి ధర పెరిగి రూపాయి విలువ ఎగబాకింది. 1920లో అక్కడి ప్రభుత్వం రూపాయిని రెండు షిల్లింగుల దగ్గర కట్టేసింది, అంటే పౌనుకు పది రూపాయలు. 1919లో 15,000 రూపాయలు అప్పు తెచ్చినవాడు వెయ్యి పౌన్లు బాకీ అనుకుని పడుకుని, లేచేసరికి పదిహేను వందల పౌన్లు బాకీపడ్డాడు. అతను అమ్మే సరుకుకు మాత్రం లండన్‌లో పౌన్లలో అదే ధర. సైనికుల పథకం కింద చేతిలో డబ్బు లేకుండా వచ్చిన చాలామంది ఆ దెబ్బకు కోలుకోలేదు. మీ కథానాయిక భర్త 1919లోనే అప్పు చేశాడని మీరే రాశారు. అతను చనిపోయాక ఆమె ఆ ఖాతా పుస్తకం తెరిచే రోజు ఒక అధ్యాయం అవుతుంది. తప్పు ఎవరిదో తెలియని అప్పు, బతికున్నప్పుడు భర్త చెప్పని అప్పు.

రెండోది ఇంకా ముఖ్యం. రాంచ్ మొత్తం భార్యకు వచ్చిందని ఒక్క ముక్కలో తేల్చేశారు. వీలునామా ఉంటే సరే. లేకపోతే? కెన్యాలో తెల్లవాళ్ళకు వర్తించిన వారసత్వ చట్టం ఏదో తెలుసా, కలకత్తాలో ఆమోదం పొందిన 1865 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్. బ్రిటిష్ వాళ్ళు మన చట్టాలు చాలావాటిని ఓడెక్కించి అక్కడికి తీసుకెళ్ళారు. దాని ప్రకారం వీలునామా రాయకుండా భర్త చనిపోతే, పిల్లలుంటే భార్యకు మూడో వంతు. పిల్లలు లేకపోతే సగం. మిగతా సగం అతని తండ్రికి, తండ్రి లేకపోతే తల్లికీ తోబుట్టువులకూ. మీ కథానాయికకు పిల్లలు లేరు. అంటే ఇంగ్లండులో ఎక్కడో ఉన్న భర్త అన్నగారు ఉత్తరం రాయవచ్చు. అమ్మేద్దాం, నీ సగం నీకు పంపిస్తాం, ఆడదానివి ఒక్కదానివి అక్కడేం చేస్తావు అని.

నేను ఈ భాగం రాస్తూ మీ ఉత్తరం మళ్ళీ చదివాను. మీ నవలలో పశువైద్యుడున్నాడు, బ్యాంకు మేనేజరున్నాడు, పొరుగు రైతున్నాడు. బావగారు లేరు. మీకు అన్నిటికంటే బాగా తెలిసిన పాత్రను మీరు కథలోకి రానివ్వలేదు. ఎందుకని నేను అడగను, మీరే ఆలోచించుకోండి.

ముగింపు సంగతికి వస్తే, మూడు దారులకూ మూడు ఖరీదులున్నాయి.

అమ్మేయడం. 1926 నుంచి 1929 దాకా కొనేవాళ్ళు దొరుకుతారు. ఆ ఏడాది చివర ప్రపంచమంతా ధరలు పడిపోయాయి. 1928 నుంచి వరసగా మిడతల దండులు వచ్చి ఉన్నాయి. 1931లో అమ్మకానికి పెడితే వచ్చేది బ్యాంకు మనిషి ఒక్కడే. కాబట్టి అమ్మడమైతే ఎప్పుడు అమ్మిందన్నదే కథ. ఇంకో విషయం, ఆమె ఎవరికి అమ్మగలదు? నాన్యుకీలో కొట్టు పెట్టుకున్న గుజరాతీ వ్యాపారి దగ్గర డబ్బుండవచ్చు, ఆమెకు పంచదార, కిరోసిన్ అరువిచ్చింది కూడా ఆయనే కావచ్చు. ఆయన కొనలేడు. తెల్ల రైతులున్న ఎత్తు ప్రాంతాల్లో, అంటే హైలాండ్స్‌లో, వ్యవసాయ భూమి భారతీయులకు దక్కకూడదన్నది 1908 నుంచీ లండన్ ఒప్పుకున్న పద్ధతి. ఆఫ్రికన్ల ప్రయోజనాలే ముఖ్యమని 1923లో గట్టిగా ప్రకటించినప్పుడు కూడా ఆ పద్ధతిని ముట్టుకోలేదు. మసాయి అయితే అసలు కొనడం అన్న మాటే లేదు. అందుకని ఆమె ఎంత మంచి మనసుతో వదిలేసి వెళ్ళినా నేల మరో తెల్లవాడి చేతికే వెళుతుంది. అమ్మి వెళ్ళిపోయిందని రాసి ఆమె చేతులు కడిగేశామనుకుంటే కుదరదు. అది రాస్తే ఆ కొట్టు యజమాని మాటల్లో రాయండి.

పెళ్ళి. అక్కడ తెల్ల స్త్రీలు తక్కువ కాబట్టి చిన్న వయసు వితంతువును ఎవరూ ఒంటరిగా ఉండనిచ్చేవారు కాదు. మన దగ్గర వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో 1881లో ఒక్క వితంతు వివాహం చేయించడానికి ఎన్ని పోరాటాలు పడ్డారో తెలిసిన మనకు ఇది హాయిగా కనిపిస్తుంది. కానీ మీ పొరుగు రైతుకు నీటి వాగు ఆమె భూమిలో ఉంది. అతని పశువులు ఎండాకాలంలో అక్కడికే రావాలి. ఇది మీరు మూడో అధ్యాయంలో రాసిన సంగతే, తర్వాత మరచిపోయారు. అతను ఆమెను ప్రేమించవచ్చు, వాగును కూడా ప్రేమించవచ్చు. ఆమెకు ఏది ఎంతో తేల్చుకోలేని స్థితి ఉంటుంది చూడండి, అది రాయగలిగితే ఈ దారి మంచిదే. లేకపోతే మాత్రం చివరి అధ్యాయంలో ఎవరో వచ్చి అప్పు తీర్చేసినట్టుంటుంది.

నిలబెట్టుకోవడం. మీ మనసు ఇటే ఉందని తెలుస్తూనే ఉంది. అయితే నిలబెట్టడమంటే రోజువారీగా ఏమిటో చూపించండి. ఈస్ట్ కోస్ట్ ఫీవర్ పిడుదుల వల్ల వస్తుంది. ఆ రోజుల్లో దాన్ని అడ్డుకోవడానికి ఆర్సెనిక్ కలిపిన నీటి గుంటలో పశువులన్నిటినీ కొద్ది రోజులకోసారి ఈదించాలి. మందు పలచనైతే పిడుదు చావదు, చిక్కనైతే ఆవు చస్తుంది. ఉత్తరం నుంచి సోమాలీ వ్యాపారులు తోలుకొచ్చే బోరాన్ ఆవులు ఎండకు, కరువుకు ఆగుతాయి. ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చిన ఆబోతులు ఆగవు. భర్త ముచ్చటపడి తెప్పించిన ఆబోతును వదులుకుని బోరాన్ మందను పెంచడం ఆమె మొదటి సొంత నిర్ణయం కావచ్చు. నాన్యుకీకి రైలు వచ్చింది 1930 ప్రాంతంలో. అంతకుముందు ఏది అమ్మాలన్నా ఎడ్ల బండ్ల మీద, బురదలో.

ఆ గుంట దగ్గర నిలబడి పశువులను తోసేది ఆమె ఒక్కతే కాదు కదా. అక్కడున్న మనుషులను మీరు "కూలీలు" అని ఒకే ముద్దగా రాశారు. వాళ్ళు కికుయు అనే స్థానిక జాతి కుటుంబాలు కావచ్చు. 1918 చట్టం ప్రకారం తెల్లవాడి భూమిలో నివసించాలంటే ఏడాదికి కనీసం 180 రోజులు అతనికి పని చేయాలి. పదహారేళ్ళు దాటిన ప్రతి మగవాడి మెడలో కిపాండే అనే గుర్తింపు కాగితం, రేకు డబ్బీలో పెట్టి వేలాడుతుంటుంది. యజమాని సంతకం లేకుండా పని మానేసి వెళితే జైలు. గుడిసె పన్ను కట్టడానికి డబ్బు కావాలి కాబట్టి పనికి రాక తప్పదు. వెళ్ళగొట్టిన నేలకే కాపరులుగా తిరిగొచ్చిన మసాయిలు కూడా ఉన్నారు. ఆ కాపరికి ప్రతి వాగు పేరూ తెలుసు. ఆమెకు తెలియదు. ఆమె రాంచ్ బతికింది అతని తెలివి మీద. 1930లలో ధరలు పడినప్పుడు రాంచ్ నిలబడాలంటే జీతాలు తగ్గించాలి, కాపరుల సొంత పశువులను తగ్గించాలి. పశువులను తగ్గించడానికైతే 1937లో చట్టమే అధికారమిచ్చింది. మీ కథానాయిక ఆ పని చేస్తుందా? చేస్తే ఎవరి ముఖం చూసి చేస్తుంది? ఈ సన్నివేశం రాయకుండా ఆమెను గెలిపించవద్దని నా మనవి. నిలబడిన కొద్దీ ఆమె 1952కి, అంటే మౌ మౌ తిరుగుబాటుకు, దగ్గరవుతుంది, అప్పుడు ఆ కాపరుల, కూలీల పిల్లలు నేల కోసం అడవుల్లోకి వెళ్ళారు.

ఒక జాగ్రత్త. ఇదంతా తెలుసుకున్నాక మీ అమ్మాయికి ఈనాటి మనస్సాక్షి తొడగాలనిపిస్తుంది. మసాయి కాపరిని పిలిచి క్షమించమని అడిగించాలనిపిస్తుంది. వద్దు. అప్పటి తెల్లవాళ్ళలో అన్యాయం చూసి అన్యాయమన్నవాళ్ళు లేకపోలేదు. మసాయిల తరలింపును వ్యతిరేకిస్తూ ఇంగ్లండుకు ఉత్తరాలు రాసిన ప్రభుత్వ డాక్టరు నార్మన్ లీస్ ఒకరు, ఆయన్ను ఆ దేశం నుంచే బదిలీ చేశారు. కానీ ఐదువేల ఎకరాలు, అప్పు చేతిలో ఉన్న మనిషికి ఆ చూపు రావడం కష్టం. ఆమె చూడకపోవడాన్ని పాఠకుడు చూస్తే చాలు.

నవల వదిలేయాలా అన్నదానికి జవాబు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఇలాగే ఉంచి పూర్తిచేయవచ్చు, అప్పుడు చదివించే పుస్తకం వస్తుంది, ఆఫ్రికాలో తెల్లవాళ్ళ జీవితం మీద అలాంటివి ఇదివరకే చాలా ఉన్నాయి. కాపరి కుటుంబం నుంచి ఒక స్త్రీని తెచ్చి రెండు గొంతులతో రాయవచ్చు. దానికి చాలా చదవాలి, ఇంకో రెండేళ్ళు పట్టవచ్చు, ఒక అధ్యాయం ఆమెకు ఒకటి ఈమెకు అని తూకం వేస్తే అది కూడా నకిలీగా తేలుతుంది. 1922 మార్చిలో కికుయు నాయకుడు హ్యారీ థుకూను అరెస్టు చేసినప్పుడు నైరోబీ పోలీసు స్టేషన్ ముందు మగవాళ్ళు వెనక్కి తగ్గుతుంటే ముందుకు నడిచింది మేరీ న్యాంజిరు. ఆ రోజు కాల్పుల్లో ఆమె చనిపోయింది. సర్కారు లెక్క ప్రకారమే 21 మంది పోయారు. మీ కథాకాలంలో అక్కడి ఆడవాళ్ళు అలాంటివాళ్ళు. లేదా ఈ రెండొందల పేజీలు పక్కన పెట్టి పార్క్‌లాండ్స్‌లో మీ కాపురం గురించి రాయవచ్చు. నేనైతే రెండో దారి ఎంచుకోమంటాను, మీకున్న సమయం మీకే తెలుసు కాబట్టి పట్టుపట్టను.

హక్కు సంగతి. మన ఊళ్ళలో వితంతువులు లేరా అన్నవారికి కోపం తెచ్చుకోకుండా ఒక మాట చెప్పండి. 1896లో మొదలైన ఆ రైలు మార్గం వేయడానికి ఇక్కడి నుంచి సుమారు 32,000 మందిని తీసుకెళ్ళారు, ఎక్కువమంది పంజాబు వాళ్ళు. దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. రూపాయి మనది, చట్టం మనది, కొట్టు మనవాళ్ళది. మనవాళ్ళు అక్కడ తెల్లవాడి కింద, నల్లవాడి మీద మధ్యలో నిలబడ్డారు. మీరూ ఆ నగరంలో బతికారు, గేటు దగ్గర వాచ్‌మన్, ఇంట్లో పనిమనిషి ఉన్న ఇంట్లో. ఆ మధ్యచోటు నుంచి చూస్తే ఇంగ్లండు రచయితకు కనపడనివి మీకు కనిపిస్తాయి. కాబట్టి రాయవచ్చు. అయితే ఆ చోటును దాచకుండా రాయాలి.

ఇక ఐదెకరాలు. మీ కథానాయిక తనది కాని నేలను వదలనంటోంది. మీరు మీదైన నేలను అది వేరే సంగతి అంటూ వదిలేస్తున్నారు. ఇది నన్ను చాలా బాధపెట్టింది.

ఆ భూమి మీ భర్త తన సంపాదనతో తన పేర కొన్నదని రాశారు. ఆయన వీలునామా రాయకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి వారసులు భార్య, పిల్లలు, తల్లి. అంటే మీరు, మీ పాప, మీ అత్తగారు బతికుంటే ఆమె, ముగ్గురికీ సమాన వాటాలు. మీరు ముగ్గురు ఉండగా బావగారికి అందులో వాటా లేదు. మీరు రేపు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా మీ వాటా పోదు. పాప మైనరు కాబట్టి ఆమె వాటాను తల్లిగా మీరు కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అందువల్ల పంపిన కాగితం అమ్మకం కోసమా, మీ హక్కు వదులుకుంటున్నట్టు రాసిన పత్రమా అన్నది మొదట చూడాలి. దాన్ని లాయరుకు చూపించండి. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా సలహా ఇస్తారు. అడంగల్, 1బీ నకలు తీసుకుని ఇప్పుడు ఎవరి పేరుందో చూడండి.

అక్కడా మీకు దారులున్నాయి. సంతకం పెట్టేస్తే ఈరోజుకు గొడవ ఉండదు, రాకపోకలు ఉంటాయి, పాప పెద్దదై అడిగిననాడు చెప్పడానికి మాత్రం ఏమీ ఉండదు. ముగ్గురి పేరునా మార్పించి కౌలుకిస్తే కొద్దిపాటి ఆదాయం వస్తుంది, అత్తింటివారితో కొంతకాలం మాటలు తగ్గవచ్చు. అమ్మడమే మంచిదనిపిస్తే కోర్టు అనుమతితో అమ్మి, పాప వాటా పాప పేర వేయవచ్చు. అత్తగారి వాటా అత్తగారిది, దాని మీద ఆమె ఇష్టం. బావగారు దురాశతోనే అడిగారని నేను అనడం లేదు. తమ్ముడి చదువుకు ఆయన ఖర్చుపెట్టి ఉండవచ్చు, ఆ లెక్క ఉంటే కూర్చుని మాట్లాడుకోవచ్చు. అది వేరే బాకీ, భూమి హక్కు వేరు.

ఈ వారం ఆయనకు ఫోను చేసి ఇంత చెప్పండి చాలు: "బావగారూ, కాగితాలు అందాయి. పాప వాటా కూడా ఉంది కాబట్టి లాయరు గారికి చూపించాకే సంతకం సంగతి చెబుతాను. అత్తయ్యగారితో కూడా నేను మాట్లాడతాను."